డోర్నకల్ చూచి వచ్చాము

విజయవాడ నుండి కాజీపేట వైపు వెళ్ళే రైలు ఖమ్మం దాటిన కొంతసేపటికి డోర్నకల్ జంక్షన్‌లో ఆగుతుంది. ఇక్కడి నుండే కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు మరొక లైను చీలిపోతుంది. సింగరేణి బొగ్గు గనుల వలన ఈ స్టేషనుకు పూర్వము నుండి పేరున్నది. 1948 వరకు ఇది నైజాము రాజ్యములోని ఊరు. తరువాత వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చేరింది. పాతకాలము వారు మహబూబాబాదును ఇప్పటికీ మానుకోట అనే పిలుస్తారు.

రైలు కిటికీలో నుండి చూస్తే దారి పొడుగునా మిరప తోటలు, పత్తి చేలు, తాటిచెట్లు, అక్కడక్కడ లంబాడీ తండాలు కనిపిస్తాయి. మేము వెళ్ళినది ఫిబ్రవరి నెల. కల్లాలలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రని దుప్పట్లు పరచినట్లున్నాయి. ఘాటుకు మాతో ఉన్న పిల్లలు తుమ్ముతూ నవ్వుకుంటూ వచ్చారు.

క్రైస్తవ కుటుంబములలో డోర్నకల్ పేరు వినని వారు తక్కువ. కాని ఆ ఊరు కన్నులారా చూచిన వారు అంతకంటె తక్కువ. యెరూషలేము యాత్రకు లక్షలు కూడబెట్టుకునే మనము, నాలుగు గంటల ప్రయాణ దూరములో మన తాతముత్తాతల విశ్వాసమునకు సాక్ష్యముగా నిలిచియున్న ఒక దేవాలయమును చూడక పోవుట వింతయే. అందుచేత ప్రియ పాఠకులకు ఆ స్థలమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని తలంచాము. అయితే ఇది కేవలము రాళ్ళను గూర్చిన వ్రాత కాదు. ఆ రాళ్ళ మధ్య మా సంఘములోని ఇరు పేటల వారి మధ్య ఏమి జరిగినదో అది కూడా చెప్పవలసియున్నది.

మేమెందుకు వెళ్ళాము?

మా పాస్టరేటులోని ఒక గ్రామములో రెండు చిన్న గుడులున్నవి. రెండూ ఒకే సంఘమునకు చెందినవే. రెండింటిలో ఒకే ప్రార్థన పుస్తకము, ఒకే కీర్తనలు, ఒకే గురువు. వాటి నడుమ దూరము పిలిస్తే పలికేటంత. అయినను ఒకటి ఈ పేట గుడి, రెండవది ఆ పేట గుడి. ఎవరి పెండ్లిండ్లు వారివి, ఎవరి సమాధుల తోట వారిది. ఎందుకని అడిగితే "మొదటి నుండి అంతే అయ్యగారూ" అంటారు. ఆ మొదలు ఎక్కడున్నదో అందరికీ తెలుసు, ఎవరూ నోట అనరు. ఒక పేట వారి పూర్వులు మాల కులము నుండి, మరొక పేట వారి పూర్వులు మాదిగ కులము నుండి క్రీస్తునొద్దకు వచ్చినవారు.

గడచిన వర్షాకాలములో వచ్చిన గాలివానకు ఒక గుడి పైకప్పు రేకులు లేచిపోయాయి. గోడ కూడా ఒకవైపు ఒరిగింది. బాగుచేయించుటకు డబ్బు చాలదు. రెండవ గుడిలో కలిసి ఆరాధించుకుంటే సరిపోతుందని పాస్టరేటు కమిటీలో తీర్మానము చేశారు. ఆ తీర్మానము విన్న వెంటనే రెండు పేటలలోను గుసగుసలు మొదలైనవి. ఒకరు, "వారిని రానివ్వండి, అయితే వెనుక వరుసలో కూర్చుంటే బాగుంటుంది" అన్నారు. అవతల వారు, "వెళ్ళి వెనుక కూర్చునే కంటె చెట్టు క్రింద ఆరాధించుకోవడం మేలు" అన్నారు. అన్నిటికంటె కష్టమైన మాట ఒక పెద్దాయన చెప్పారు: "ప్రసంగము కలిసి వింటాము అయ్యగారూ. ప్రభువు బల్ల మాత్రము వేరుగా పెట్టండి."

ఈ మాటకు ఎవరి నోటను సమాధానము దొరకలేదు. కొన్ని ప్రశ్నలకు ఇంట్లో కూర్చుంటే సమాధానము దొరకదు. కొంచెము దూరము నడవవలెను. అందుచేత స్త్రీల మైత్రి వారు ఒక మాట చెప్పారు. రెండు పేటల నుండి పెద్దలు, స్త్రీలు, యౌవనస్థులు కలిపి ముప్పది మందిమి డోర్నకల్ వెళ్ళి రావాలని. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి కారణము భక్తి ఎంతో, రైలు ప్రయాణము మీద మోజు ఎంతో ప్రభువుకే తెలుసు. ఏదైనా వెళ్ళాము.

గుడియా, మసీదా?

స్టేషనులో దిగి ఊరిలోనికి నడిచిన వారికి దేవాలయము దూరము నుండే కనిపిస్తుంది. పైన గుమ్మటములు, మూలలలో మినారులవంటి గోపురములు. దగ్గరకు వెళ్ళితే రాతి స్తంభములు, వాటి మీద దక్షిణ దేశపు దేవస్థానములలో కనిపించే చెక్కడపు పని. తామర పువ్వులు రాతిలో వికసించియున్నవి. లోపల శిలువ, బలిపీఠము, ప్రసంగ వేదిక.

మాతో వచ్చిన ఒక పెద్దాయన గుమ్మము ముందర నిలిచి పైకి చూచి, "ఇది మన గుడేనా? మసీదులాగున్నదే" అన్నారు. ప్రక్కనున్న ఆమె, "స్తంభాలు చూడండి, అమ్మవారి గుడిలాగున్నవి" అన్నది. ఒక యౌవనస్థుడు నవ్వి, "అయితే మన గుడి ఎలాగుండాలి తాతా? లండనులో ఉన్నట్లుండాలా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అందరము నవ్వాము గాని, అది తేలికైన ప్రశ్న కాదు. మనము మన దేశపువారము కాదన్నట్లు కూచిగా ఉండే గోపురము, రంగు అద్దాల కిటికీలు ఉంటేనే గుడి అనుకుంటాము. పొరుగువారి చేతిపనిని చూచినప్పుడు అది మనది కాదు అనిపిస్తుంది. మనుష్యుల మధ్య దూరము ముందు కన్నులలో పుడుతుంది, తరువాత గుండెలోనికి దిగుతుంది.

ఈ దేవాలయము అలాగు కట్టించుట పొరపాటున జరిగినది కాదు. కావాలనే అలాగు కట్టించారు. హిందువుల శిల్పము, ముస్లిముల గుమ్మటము, క్రైస్తవుల శిలువ ఒకే కప్పు క్రింద ఉండవలెనని కట్టించినవారి ఆశ. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయములో జనములు తమ మహిమను, ఘనతను పరిశుద్ధ పట్టణములోనికి తీసికొని వచ్చుటను గూర్చి చదువుతాము. తెలుగు దేశపు రాతి పనివాని నేర్పు కూడా ఆ ఘనతలో ఒక భాగము కాదా?

దేవాలయము పేరు కూడా గమనించదగినది. దీనిని ప్రత్యక్షతా దేవాలయము అంటారు. ఇంగ్లీషులో ఎపిఫనీ అనే పండుగ పేరు అది. 1939వ సంవత్సరము జనవరి 6న, సరిగా ఆ పండుగ దినముననే ప్రతిష్ఠ జరిగింది. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును చూడవచ్చిన దినమును ఆ పండుగలో జ్ఞాపకము చేసికొంటాము. వారు యూదులు కారు. నక్షత్రములు చూచే అన్యజనులు. మందిరపు పెద్దలకు ప్రవచనము తెలుసు గాని బేత్లెహేముకు నడవలేదు. పరదేశులు నడిచి వచ్చి సాగిలపడ్డారు. ప్రభువు పుట్టిన ఇంటి గుమ్మములో మొదటనే పరాయివారు నిలిచారు. ఎవరు లోపలివారు, ఎవరు వెలుపటివారు అని లెక్కలు వేసేవారికి ఆ పండుగ ఏటేటా ఒక పాఠము.

కట్టించిన వాడు ఎవరు?

ఈ దేవాలయము వెనుకనున్న మనిషి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన తెలుగువారు కారు. తమిళ దేశములో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి గ్రామ గురువు. వారిది నాడార్ సమాజము. ఒకప్పుడు ఆ సమాజము వారికి దేవస్థానములలో ప్రవేశము లేదు. తక్కువవారని త్రోసివేయబడుట ఏమిటో పుస్తకములలో చదివి నేర్చుకొనవలసిన అవసరము అజరయ్య గారికి లేదు.

చదువు తరువాత ఆయన వై.యం.సి.ఎ.లో సేవ చేశారు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడుటకు ముఖ్య కారకులలో ఒకరు. పరదేశపు డబ్బు లేకుండ, ఈ దేశపు క్రైస్తవులే కానుకలిచ్చి, ఈ దేశపు వారినే సువార్తకు పంపాలని దాని ఉద్దేశము. ఆ తమిళ సంఘములు పంపిన చోటు ఎక్కడ? మన డోర్నకల్, మానుకోట ప్రాంతము. ఆలోచించి చూడండి. తమ భాష కానివారి కొరకు, తమ కులము కానివారి కొరకు, తాము ఎన్నడూ చూడని ఊరి కొరకు ఆ పేద తమిళ క్రైస్తవులు కానుకలిచ్చారు. 1909లో, తన ముప్పది అయిదవ యేట, అజరయ్య గారు గురువుగా అభిషేకము పొంది తానే ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద పల్లె పల్లెకు తిరిగారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. దానికి అభ్యంతరములు చాలా వచ్చినవి. ఒక భారతీయుని క్రింద తెల్లవారు ఎలాగు పనిచేస్తారు అని మిషనరీలలోనే అనేకులు సందేహించారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుదలతో నిలిచినందున అది జరిగింది. మొదట ఆయనకు అప్పగించినది చిన్న మేత్రాసనము. తరువాత కృష్ణా ప్రాంతపు పెద్ద మిషను క్షేత్రములు కూడా అందులో చేరినవి. ఇంగ్లీషు మిషనరీలు ఆయన అధికారము క్రింద సేవ చేశారు. "ఎలాగు పనిచేస్తారు" అన్న ప్రశ్నకు పనిచేయుటయే సమాధానమైనది.

ఒక సభలో అడిగిన మాట

బిషప్పు కాక మునుపు, 1910లో, అజరయ్య గారు స్కాట్లాండులోని ఎడిన్‌బరోకు వెళ్ళారు. అక్కడ ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియా దేశములవారు ఇరువది మందికి లోపే. అంతమంది తెల్లదొరల మధ్య నిలువబడి ముప్పది అయిదేండ్ల ఈ తమిళ యౌవనుడు మాట్లాడిన మాటలు సభను కదిలించినవి.

ఆయన మిషనరీలు చేసిన మేలును కాదనలేదు. వారు తమ ఆస్తిని ఇచ్చారని, ప్రాణములనే అర్పించారని, భారత సంఘము దానిని కృతజ్ఞతతో తరతరములు తలంచుకుంటుందని చెప్పారు. అయితే కలిసి పనిచేసేవారితో కలిసి భోజనము చేయని మిషనరీలున్నారని, మేలు చేయుట ఒకటి, స్నేహము చేయుట మరొకటి అని చెప్పారు. 1 కొరింథీయులకు 13వ అధ్యాయమును మనస్సులో ఉంచుకొని, మీరు అన్నీ ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆ ప్రసంగము ముగించారు. కొందరికి కోపము వచ్చింది. కొందరికి కన్నీళ్ళు వచ్చాయి. నూరేండ్లు దాటినను ఆ సభ పేరు చెప్పగానే ఆ మాట జ్ఞాపకము చేసికొంటారు.

ఈ సంగతి దేవాలయపు మెట్ల మీద కూర్చుని మా వారికి చెప్పినప్పుడు, అందరు సంతోషముగా తల ఊపారు. తెల్లవారిని నిలదీసిన మాట గనుక వినుటకు ఇంపుగా ఉంటుంది. ఎదుటివాని గర్వమును ఎవరైనా ఖండిస్తే మనకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అయితే ఆ మాట అక్కడితో ఆగదు. దొరల బల్ల యొద్ద మనకు చోటు లేదని బాధపడిన మనమే మన బల్ల యొద్ద ఎవరికి చోటు ఇవ్వడము లేదు?

కడుపులోని గోడ

అజరయ్య గారికి ఇదే ప్రశ్న తెలుగు పల్లెలలో ఎదురైంది. ఆయన కాలములో మేత్రాసనములో వేలాదిగా బాప్తిస్మములు జరిగినవి. 1940లు వచ్చేనాటికి సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకొనుటకు, ఊరి వీధిలో చెప్పులతో నడచుటకు హక్కు లేనివారు. బడి పలుపు తెలియనివారు. వారికి దేవుని బిడ్డలమన్న పేరు దొరికింది. బడి దొరికింది, పలక దొరికింది. తల ఎత్తి నడచుట వచ్చింది. వారి జీవితములలో మార్పు చూచి, తరువాతి కాలములో ఊరిలోని ఇతర కులములవారు కూడా కొందరు సంఘములో చేరారు.

అయితే గోడ పూర్తిగా పడలేదు. ఒక పేటవారు ముందుగా బాప్తిస్మము పొందిన చోట, రెండవ పేటవారు వచ్చుట వారికి ఇష్టము లేకపోయినది. పైవారు తమకు చేసినదే తాము క్రిందివారికి చేశారు. క్రీస్తులోనికి వచ్చేటప్పుడు చెప్పులు గుమ్మము వెలుపల విడిచారు గాని, కులమును చంకలో పెట్టుకొని వచ్చారు. అజరయ్య గారు ఈ విషయములో రాజీ పడలేదు. ఒక ప్రభువు, ఒక బల్ల అని బోధించారు. సంఘములో కులము ఉంటే అది సువార్తకే అబద్ధమని ఆయన నమ్మకము.

డాక్టర్ అంబేద్కర్ గారిని గూర్చిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకుంటారు. 1935 అక్టోబరులో యేవలా అనే చోట ఆయన, తాను హిందువుగా పుట్టినను హిందువుగా చావనని ప్రకటించిన తరువాతి రోజులవి. మా ప్రజలు క్రైస్తవులైతే, ఎక్కడికి వెళ్ళినా అందరూ ఒకే సంఘముగా ఉంటారా, కులభేదము పూర్తిగా పోతుందా అని ఆయన అజరయ్య గారిని అడిగారట. ఆ రెండు ప్రశ్నలలో దేనికీ అవునని చెప్పలేక బిషప్పు గారు సిగ్గుతో తల వంచుకొని వచ్చారని చెబుతారు. 

సిగ్గుపడి ఊరకుండిన మనిషి కాదాయన. 1919లో తరంగంబాడిలో సంఘ ఐక్యత కొరకు కూడిన సభలో ఆయన ముఖ్యులలో ఒకరు. అప్పటి నుండి ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములు ఒకటి కావలెనని చివరి వరకు పాటుపడ్డారు. ఆ ఫలము ఆయన కన్నులతో చూడలేదు. 1945 జనవరి 1న ఆయన నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. అజరయ్య గారి సమాధి దేవాలయ ఆవరణములోనే ఉన్నది. అక్కడ నిలిచి ప్రార్థించాము. సంఘముల పేర్ల మధ్యనున్న గోడలు కొన్ని పడినవి. పేటల మధ్యనున్న గోడ సంగతి మిగిలియున్నది.

చెట్టు క్రింద భోజనము

మధ్యాహ్నము భోజనములకు కూర్చున్నాము. అప్పుడొక సంగతి జరిగింది. ఎవరూ చెప్పకుండానే మావారు రెండు చెట్ల క్రింద రెండు గుంపులుగా కూర్చున్నారు. ఈ చెట్టు క్రింద ఈ పేట, ఆ చెట్టు క్రింద ఆ పేట. ఎవరి క్యారేజీలు వారు విప్పుకున్నారు. రైలులో కలిసి పాటలు పాడారు, దేవాలయములో కలిసి మోకాళ్ళూనారు. అన్నము దగ్గరకు వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే పాత దారి పట్టినవి.

ఎవరినీ గద్దించలేదు. గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము చదివి వినిపించాము. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేస్తుండెను. యెరూషలేము నుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుకకు తీసి వేరైపోయెను. బర్నబా కూడా ఆ వేషధారణలో చిక్కుకొనెను. పౌలు అందరి యెదుట పేతురును నిలదీసెను. పేతురు సిద్ధాంతము తప్పలేదు. కొర్నేలి ఇంటికి వెళ్ళినవాడు ఆయనే, దేవుడు పక్షపాతి కాడని గ్రహించినవాడు ఆయనే. అయినను విస్తరి దగ్గర ఆయన భయపడెను. పౌలు దానిని భోజన మర్యాదల విషయముగా చూడలేదు. సువార్త సత్యము ప్రకారము నడుచుకొనలేదని వ్రాసెను. ఎవరితో కలిసి తింటాము అనునది సువార్తకు సంబంధించిన ప్రశ్న అన్న మాట.

చదివిన తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఒక వృద్ధురాలు లేచినది. ఆమెకు డెబ్బది దాటినవి. గాలివానకు కూలిన గుడి పేట ఆమెది. తన స్టీలు గిన్నె చేతపట్టుకొని నెమ్మదిగా నడిచి, ప్రభువు బల్ల వేరుగా పెట్టమన్న పెద్దాయన ముందు నిలిచింది. "అన్నా, పులిహోర తెచ్చాను. నీ పొలంలో నలభై ఏండ్లు నాట్లు వేశాను. నా చేత్తో నాటిన వరి నీ ఇంట అన్నమైంది. ఆ అన్నము తిన్నప్పుడు అంటని మైల, ఇప్పుడు నా చేతి పులిహోర తింటే అంటుతుందా?" అని అడిగింది.

ఆమె గొంతులో కోపము లేదు. ఎగతాళి లేదు. అందుకే ఆ మాట లోపలికి దిగింది. పెద్దాయన చాలసేపు ఆ గిన్నె వైపు చూచారు. తరువాత తన విస్తరి కొంచెము జరిపి, "కూర్చో చెల్లమ్మా" అన్నారు. అంతే. అంతకు మించి ప్రసంగము లేదు, సాక్ష్యము లేదు. మిగిలిన వారు ఒక్కొక్కరుగా లేచి క్యారేజీలు కలిపారు. కొందరు లేవలేదు. వారు ఉన్న చోటనే తిన్నారు. అది కూడా ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.

సమరయలోని సుఖారు బావి యొద్ద మన ప్రభువు ఏమి చేసెనో జ్ఞాపకము చేసికొనండి. యూదులు సమరయులతో సాంగత్యము చేయని కాలమది. ఆయన ఆ స్త్రీకి ముందుగా ఉపదేశము చేయలేదు. దాహమునకు నీళ్ళు అడిగెను. ఆమె కుండలోని నీళ్ళు ఆమె చేతి నుండి పుచ్చుకొనుటకు ఆయన సిద్ధపడెను. ఇచ్చేవారము మనమైతే గర్వము అలాగే ఉండవచ్చును. ఎదుటివారి చేతి నుండి పుచ్చుకొన్నప్పుడే గోడలో మొదటి రాయి కదులుతుంది. డోర్నకల్ చెట్టు క్రింద మా పెద్దాయన చేసినది ఇదే.

తరువాత ఏమి జరిగింది?

ఇంటికి వచ్చిన తరువాత అంతా చక్కబడిపోయినదని వ్రాస్తే అది అబద్ధమవుతుంది. శ్రమ దినముల మొదటి ఆదివారమున రెండు పేటలవారికి ఒకే గుడిలో ఆరాధన పెట్టాము. వరుసలు నిర్ణయించలేదు, ముందు వచ్చినవారు ముందు కూర్చున్నారు. ప్రభువు బల్ల ఒక్కటే, పాత్ర ఒక్కటే. ఆ పెద్దాయన వచ్చారు. ఆ వృద్ధురాలి ప్రక్కనే మోకాళ్ళూని పుచ్చుకున్నారు. ఆయన చేతులు వణికినవి. ఆరాధనకు రాని కుటుంబములు కొన్ని ఉన్నవి. రెండు పేటలలోను ఉన్నవి. వారి ఇండ్లకు వెళ్ళుచున్నాము. కొందరు కుర్చీ వేస్తారు, కొందరు వాకిటనే మాట్లాడి పంపుతారు. సమాధుల తోటలు ఇంకను వేరుగానే ఉన్నవి. పెండ్లి సంబంధముల మాట ఎత్తుటకు ఇంకను ఎవరికీ ధైర్యము చాలలేదు. అయితే ఆదివారపు బడి పిల్లలు కలిసిపోయారు. ఏ పిల్ల ఏ పేటదో కొత్తవారు చెప్పలేరు.

కూలిన గుడి గోడల ఇటుకలు ఏమి చేయాలని కమిటీలో అడిగారు. రెండు పేటల యౌవనస్థులు కలిసి వాటిని మోసుకొని వచ్చి, నిలిచియున్న గుడి ముందర ఒక పెద్ద అరుగు కట్టారు. కోత పండుగ నాటి ప్రేమ విందుకు అందరు అక్కడ కూర్చోవచ్చునని వారి ఆలోచన.

ప్రియ పాఠకులారా, పక్షపాతము అంటే మనకు ఇతరుల పాపముగా కనిపిస్తుంది. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో దానిని సంఘము లోపలి పాపముగానే చూపించెను. బంగారు ఉంగరము పెట్టుకున్నవానికి మంచి చోటు, మురికి బట్టల వానికి పాదపీఠము దగ్గర చోటు. నేడు ఆ ఉంగరము కులము కావచ్చును, చదువు కావచ్చును, పట్నపు మాటతీరు కావచ్చును, వేరొక మిషను పేరు కావచ్చును. మసీదుకు వెళ్ళే పొరుగువానిని, తండాలోని లంబాడీ అక్కను మన ఇంటి వాకిట ఎలాగు పలుకరిస్తామో అదియు ఈ లెక్కలోనిదే. మన పిల్లలు ప్రసంగము కంటె మన వాకిలిని ఎక్కువగా గమనిస్తారు.

ఈ నెలలో మీ కుటుంబ ప్రార్థనలో గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయమును, యోహాను సువార్త 4వ అధ్యాయమును కలిసి చదవండి. తరువాత తల్లిదండ్రులు పిల్లల యెదుటనే ఒక ప్రశ్న వేసికొనండి: మన ఇంట ఇంతవరకు ఎవరు కూర్చుని భోజనము చేయలేదు? ఎవరి ఇంట మనము మంచినీళ్ళు త్రాగలేదు? ఒక పేరు తట్టుతుంది. ఆ ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు అడగండి.

వీలైనవారు పిల్లలను తీసికొని డోర్నకల్ కూడా చూచి రండి. స్టేషనుకు దగ్గరే. గుమ్మటములు, స్తంభములు, తామర పువ్వులు చూపించి, పరాయి దేశపు జ్ఞానులను గూర్చి, తమిళ దేశము నుండి వచ్చి తెలుగువాడైన ఒక బిషప్పును గూర్చి వారికి చెప్పండి. వెళ్ళేటప్పుడు ఒక కుటుంబమే వెళ్ళకండి. మీ పేట కాని ఒక కుటుంబమును కూడా కలుపుకొని వెళ్ళండి, అన్నము మాత్రము ఒకే గిన్నెలో పట్టుకొని వెళ్ళండి.

మన మధ్యనున్న గోడను తన శరీరముతో పడగొట్టిన ప్రభువు మన ఇండ్లలోను, సంఘములలోను మిగిలియున్న రాళ్ళను కూడా తొలగించును గాక. ఆమేన్.